ప్రహసనంలో గ్యాంగ్‌స్టర్: ఔత్సాహిక రంగస్థలంపై 'నీడకు నీడ' వాదానికి ఖండన

నాటక విమర్శలో 'ఔత్సాహికం' అన్న మాట రెండు అర్థాల్లో చెలామణీ అవుతోంది. జీవిక కోసం కాక ఇష్టం కొద్దీ నాటకమాడటం మొదటిది. పని చేతకాకపోవటం రెండవది. మొదటి అర్థాన్ని నిర్వచనంగా రాసుకుని రెండవ అర్థంలో తీర్పు చెప్పటం విమర్శకులకు అలవాటైపోయింది. అమెరికాలో కమ్యూనిటీ థియేటర్ అని వ్యవహరించే ఊరి నాటకశాలల విషయంలో ఈ అలవాటు మరింత బాహాటంగా కనిపిస్తుంది. పగలు బ్యాంకులోనో బడిలోనో పనిచేసి, సాయంత్రం రిహార్సల్‌కు వచ్చే మనుషులు నడిపే నాటకశాలలివి. పాత హాలీవుడ్‌నూ గ్యాంగ్‌స్టర్లనూ హాస్యవస్తువుగా చేసుకున్న నాటకాలంటే వీటికి ఎప్పటినుంచో మక్కువ. చారల సూటు తొడిగి, టోపీ కనుబొమల మీదికి లాక్కుని, కర్ర తుపాకీ చేతబట్టిన పొరుగింటి మనిషిని చూసి ప్రేక్షకులు నవ్వుతారు. విమర్శకుడికి మాత్రం ఆ నవ్వు కాలక్షేపంగానే తోస్తుంది.

అతని వాదాన్ని పూర్వపక్షంగా ఇలా చెప్పవచ్చు. గ్యాంగ్‌స్టర్ అనే పాత్ర వెండితెర సృష్టి. వెండితెర స్వయంగా ఒక నీడ. ఆ నీడను చూసి మురిసినవారు దాన్ని మళ్ళీ చెక్కబల్లల మీద అభినయిస్తే అది నీడకు నీడ అవుతుంది. అందులో రంగస్థలానికి సొంతమైనదేదీ లేదు. నటనలో నైపుణ్యం లేదు. హంతకులను వినోదవస్తువులుగా మార్చటం వల్ల నైతికంగానూ అది పలచన. ఈ వాదం తెలుగు నాటక పరిశోధకులకు కొత్తది కాదు. 'సినిమా ప్రభావం' అన్న ఒక్క మాటతో ఒక ప్రదర్శనను పక్కకు నెట్టివేయటం, సమస్యా నాటకానికి ఎత్తుపీట వేసి ప్రహసనాన్ని పంక్తి చివర కూర్చోబెట్టటం ఇక్కడి విమర్శలోనూ ఉన్నవే. అందువల్ల అమెరికన్ ఉదాహరణను దగ్గరగా పరిశీలిస్తే తేలే విషయం తెలుగు నాటక విమర్శకూ వర్తిస్తుంది.

పూర్వపక్షంలోని మొదటి మెట్టే చరిత్రకు విరుద్ధం. గ్యాంగ్‌స్టర్ తెర మీద పుట్టి రంగస్థలానికి దిగలేదు. ఫిలిప్ డన్నింగ్, జార్జ్ అబట్ రాసిన 'బ్రాడ్వే' నాటకం 1926లో న్యూయార్క్ వేదిక మీదికి వచ్చింది. దొంగసారా ముఠాల మధ్య ఒక రాత్రివిలాస మందిరంలో నడిచే కథ అది. సినిమాగా వచ్చింది 1929లో. షికాగోలో పత్రికా రచయితగా పనిచేసిన బార్ట్‌లెట్ కోర్మాక్ రాసిన 'ది రాకెట్' 1927లో ప్రదర్శితమైంది. అందులో ముఠా నాయకుడి పాత్ర ధరించిన నటుడు ఎడ్వర్డ్ జి. రాబిన్సన్. తెర మీద గ్యాంగ్‌స్టర్‌కు నమూనాగా నిలిచిన 'లిటిల్ సీజర్' అతనికి దక్కింది ఆ తరువాత, 1931లో. జేమ్స్ కాగ్నీని హాలీవుడ్‌కు చేర్చింది 1930 నాటి 'పెనీ ఆర్కేడ్' నాటకం. అదే ఏడాది అది 'సిన్నర్స్ హాలిడే' పేరుతో సినిమా అయింది. మరుసటి సంవత్సరం 'ది పబ్లిక్ ఎనిమీ' వచ్చింది. హంఫ్రీ బోగార్ట్ 1935లో రాబర్ట్ షెర్వుడ్ నాటకం 'ది పెట్రిఫైడ్ ఫారెస్ట్'లో డ్యూక్ మాంటీగా నటించాడు. సినిమాలో ఆ పాత్రను వేరొకరికి ఇవ్వాలని నిర్మాణ సంస్థ తలచినప్పుడు, వేదిక మీద అతనితో కలిసి నటించిన లెస్లీ హోవర్డ్ పట్టుపట్టి అతనికే ఇప్పించాడు. 1936 నాటి ఆ సినిమాతోనే బోగార్ట్ ముఖం లోకానికి పరిచయమైంది.

అన్నీ వేదిక నుంచే వెళ్ళాయనటం అతిశయోక్తి అవుతుంది. షికాగో పత్రికా కార్యాలయాల నుంచి వచ్చిన బెన్ హెక్ట్ కథతో స్టెర్న్‌బర్గ్ తీసిన 'అండర్‌వరల్డ్' 1927లోనే వచ్చింది. దానికి వేదికతో పని పడలేదు. అయితే మూకీ చిత్రంలో గ్యాంగ్‌స్టర్‌కు ముఖమే తప్ప నోరు లేదు. పళ్ళ బిగువున మాటను నొక్కి విసిరే పలుకుబడి, ఒక్క చూపుతో గదిని అదుపులోకి తెచ్చుకునే నిలకడ, ఇవి టాకీల కాలంలో తెరకు అవసరమయ్యాయి. అప్పుడు వాటిని తెచ్చి ఇచ్చినవారు వేదిక మీద ఆరితేరిన నటులు. కనుక ఊరి నాటకశాలలో ఒక బీమా ఉద్యోగి రాబిన్సన్ గొంతును అనుకరిస్తున్నాడంటే, వేదిక తాను అప్పిచ్చినదాన్ని ఆలస్యంగా, కొంత అరిగిపోయిన స్థితిలో తిరిగి పుచ్చుకుంటున్నదని అర్థం. దీన్ని అనుకరణ అనటానికి అభ్యంతరం లేదు. ఎవరిని ఎవరు అనుకరించారన్న ప్రశ్న వేయకుండా అనటానికే అభ్యంతరం.

టాకీ వచ్చిన తరుణాన్నే హాస్యవస్తువుగా తీసుకున్న నాటకం మాస్ హార్ట్, జార్జ్ కాఫ్మన్ కలిసి రాసిన 'వన్స్ ఇన్ ఎ లైఫ్‌టైమ్'. 1930 సెప్టెంబరులో న్యూయార్క్‌లో ప్రదర్శితమైంది. చిల్లర వినోద ప్రదర్శనలతో బతికే ముగ్గురు, మాట్లాడే సినిమాలు వచ్చాయని విని హాలీవుడ్‌కు వెళ్ళి మూకీ తారలకు ఉచ్చారణ నేర్పే బడి పెడతారు. ముగ్గురిలో తెలివితక్కువవాడు పెద్ద అధికారి అయి కూర్చుంటాడు. తప్పుడు స్క్రిప్టుతో సినిమా తీస్తాడు. తాను గింజలు కొరుక్కుని తింటున్న చప్పుడు కూడా శబ్దగ్రహణంలో పడిపోతుంది. విమర్శకులు దాన్ని మహత్తర ప్రయోగంగా కొనియాడతారు. ఈ నాటకం రాసేనాటికి హార్ట్ హాలీవుడ్‌ను చూసినవాడు కాడు. అతను అప్పటికి చూసినదీ నడిపినదీ ఔత్సాహిక రంగస్థలమే. శీతకాలంలో చిన్న నాటక బృందాలకు దర్శకత్వం వహించటం, వేసవి విడిదుల్లో అతిథుల చేత వినోద ప్రదర్శనలు వేయించటం అతని తొలినాళ్ళ ఉపాధి. ఉచ్చారణ రానివారికి ఉచ్చారణ నేర్పటం, పాత్రకు పొసగని మనిషిని పాత్రలోకి దించటం, చివరి నిమిషంలో జరిగిన పొరపాటును ప్రేక్షకులు మెచ్చుకోవటం అతనికి స్వానుభవాలే. ఆ అనుభవాన్ని హాలీవుడ్ అనే పెద్ద తెర మీద పరిచి చూపించాడు. ఊరి నాటకశాల ఈ నాటకాన్ని ఎత్తుకున్నప్పుడు అది పరాయి సొత్తును అరువు తెచ్చుకుంటున్నదని అనటం, పుట్టింటికి వచ్చిన ఆడపడుచును అతిథి అనటం వంటిది. పైగా పాత్రల సంఖ్య ఎక్కువ కావటం వల్ల వృత్తి నాటకశాలలకు జీతాల భారం. ఊరి నాటకశాలకు అదే వరం. ఇరవైమంది వేషం అడిగే ఊళ్ళో ఇరవై వేషాలున్న నాటకమే కావాలి.

తెలుగులోనూ టాకీ వేదికను వెతుక్కుంటూ వచ్చింది. 1932 నాటి 'భక్త ప్రహ్లాద'లో మాట్లాడినవారు సురభి వేదిక మీద అప్పటికే మాట్లాడుతున్నవారు. లీలావతిగా నటించిన సురభి కమలాబాయి పేరు చాలు. అయినా 'సినిమా ప్రభావం' అన్న మాట తెలుగు విమర్శలో తెర నుంచి వేదికకు మాత్రమే ప్రవహిస్తుంది. ఎదురు దిశలో సాగిన ప్రవాహం చరిత్ర గ్రంథాల్లో ఒక అధ్యాయంగా ఉంటుంది గాని, ప్రదర్శనకు విలువ కట్టే వేళ గుర్తుకు రాదు.

నైపుణ్యం లేదన్న ఆక్షేపణకు సమాధానం 'ఆర్సెనిక్ అండ్ ఓల్డ్ లేస్'లో దొరుకుతుంది. జోసెఫ్ కెసెల్రింగ్ రాసిన ఈ ప్రహసనం 1941 జనవరిలో న్యూయార్క్‌లో మొదలై 1,444 ప్రదర్శనలు నడిచింది. ఆనాటి నుంచి ఊరి నాటకశాలలు దాన్ని వదలలేదు. ఇందులో జోనథన్ ముఠా నాయకుడు కాడు గాని, పన్నెండుమందిని చంపి పోలీసుల నుంచి తప్పించుకు తిరుగుతున్న నేరస్థుడు. ముఖం మార్పించుకుంటూ తిరుగుతుంటాడు. శస్త్రచికిత్స చేసే సహచరుడు తాగిన మైకంలో, అంతకు ముందే చూసిన ఒక సినిమా మనసులో మెదులుతుండగా, అతనికి బోరిస్ కార్లాఫ్ ముఖం వచ్చేలా చేస్తాడు. 1931లో 'ఫ్రాంకెన్‌స్టైన్' భూతంగా లోకాన్ని భయపెట్టిన ముఖం అది. నువ్వు కార్లాఫ్‌లా ఉన్నావని ఎవరైనా అంటే జోనథన్ మండిపడతాడు. తొలి ప్రదర్శనల్లో ఆ పాత్ర వేసింది సాక్షాత్తూ కార్లాఫే. ఫ్రాంక్ కాప్రా 1941లో దీన్ని సినిమాగా తీసినప్పుడు నాటక నిర్మాతలు కార్లాఫ్‌ను వదలలేదు. తెర మీద రేమండ్ మాసీకి ఆ పోలిక వచ్చేలా రంగు పూయవలసి వచ్చింది. నాటకం ఆడుతున్నంత కాలం సినిమా బయటికి రాకూడదన్న ఒప్పందం వల్ల అది 1944 దాకా విడుదల కాలేదు. (నాటకం సినిమాను మూడేళ్ళు గుమ్మం బయట నిలబెట్టిన సందర్భమిది. నీడ వాదులు దీన్ని ఏ లెక్కలో వేస్తారో తెలియదు.)

కార్లాఫ్ స్వయంగా ఆడినప్పుడు ఆ హాస్యం ఒక తారకు తన కీర్తితో ఉన్న పేచీ. అది ఒక్క నటుడితో తీరిపోయేది. ఊరి నాటకశాలలో అదే పాత్రను పొట్టిగా, బొద్దుగా ఉన్న బడిపంతులు వేసినప్పుడు ఏం జరుగుతుంది? అతను కార్లాఫ్‌లా ఉన్నాడని మిగతా పాత్రలు బెదిరిపోతాయి. అతను ఎంతమాత్రం అలా లేడని ప్రేక్షకులకు తెలుసు. అతను తమ పిల్లలకు లెక్కలు చెప్పేవాడని కూడా తెలుసు. కథలో ఆ ముఖం ఒక హాలీవుడ్ ముఖానికి చెడిపోయిన నకలు. వేదిక మీద నటుడి ముఖం ఆ నకలుకు మరింత చెడిపోయిన నకలు. రచయిత కల్పనగా రాసుకున్న వైకల్యం ఇక్కడ కళ్ళ ముందు నిజమవుతుంది. వృత్తి నాటకశాల ఈ పాత్రకు పోలిక ఉన్న నటుణ్ణి వెతుకుతుంది. ఆ వెతుకులాట ఫలించిన కొద్దీ హాస్యం సన్నగిల్లుతుంది. అనుకరణలోని లోపమే వస్తువైన నాటకాన్ని అనుకరణలో లోపం ఉందని ఆక్షేపించే విమర్శ, నాటకాన్ని చదవలేదనుకోవాలి. ఆ నాటకంలో మార్టిమర్ అనే నాటక విమర్శకుడు కూడా ఉన్నాడు. తాను చూసిన పనికిమాలిన నాటకంలో ఒక మూర్ఖుడు ఎలా బందీ అయ్యాడో ఉత్సాహంగా వర్ణిస్తూ, సరిగ్గా అదే తీరున కుర్చీకి కట్టుబడిపోతాడు.

దీని అర్థం చేతకానితనమంతా గుణమేనని కాదు. సంభాషణ మరచిపోయిన నటుడు, వెలుగు పడని చోట నిలబడ్డ నటి, సమయానికి తెరుచుకోని తలుపు ప్రహసనాన్ని చంపుతాయి. తలుపుల లెక్క తప్పిన ప్రహసనాన్ని మించిన శిక్ష ప్రేక్షకుడికి లేదు. నటుడికీ పాత్రకూ మధ్య ఉన్న దూరం వేరు, నటుడికీ సాధనకూ మధ్య ఉన్న దూరం వేరు. మొదటిదాన్ని రెండవదిగా లెక్కకట్టటం పూర్వపక్షం చేసిన పొరపాటు.

ఇక నైతిక ఆక్షేపణ. పూర్వపక్షంలో బలమున్న భాగం ఇదే. 1929 ఫిబ్రవరి 14న షికాగోలోని నార్త్ క్లార్క్ వీధిలో ఒక గ్యారేజీలో ఏడుగురిని గోడకు నిలబెట్టి కాల్చి చంపారు. వచ్చినవారిలో కొందరు పోలీసు దుస్తుల్లో ఉన్నారు. వచ్చింది పోలీసులే అనుకుని ఆ ఏడుగురు గోడవైపు తిరిగి నిలబడ్డారు. ఈ ఘటనను ఆధారం చేసుకుని బిల్లీ వైల్డర్, డైమండ్ 1959లో 'సమ్ లైక్ ఇట్ హాట్' సినిమా రాశారు. హత్యాకాండను కళ్ళారా చూసిన ఇద్దరు వాద్యకారులు ప్రాణభీతితో ఆడవేషం వేసుకుని ఒక మహిళా వాద్యబృందంలో కలిసిపోతారు. ఆ కథకు ముందు ఒక ఫ్రెంచి సినిమా, 1951 నాటి జర్మన్ సినిమా ఉన్నాయి. అక్కడ వేషానికి కారణం ఉద్యోగం లేకపోవటమే. గ్యాంగ్‌స్టర్లను తెచ్చి కలిపింది హాలీవుడ్ రూపమే. ఈ సినిమాను పీటర్ స్టోన్ సంగీత నాటకంగా మలిచాడు. జూల్ స్టైన్ స్వరాలతో 'షుగర్' పేరున 1972లో బ్రాడ్వేలో ప్రదర్శితమైంది. ఊరి నాటకశాలలకు అందుబాటులో ఉన్న రూపం అది.

చావు మీద కట్టిన నవ్వు తగునా అన్నది ప్రశ్న. దీనికి సమాధానం వేషంలో ఉంది. ఆ గ్యారేజీలో మొదట వేషం కట్టినవారు హంతకులు. ఒంటి మీది దుస్తులను నమ్మినందుకు ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. కథలో ఇద్దరు పిరికి వాద్యకారులు అదే ఉపాయాన్ని ప్రాణం కాపాడుకోవటానికి వాడుకుంటారు. మొదటి వేషం కనిపించకపోతే రెండవ వేషం ఉత్త ఆడవేషపు కోతిచేష్ట అవుతుంది. కాబట్టి ప్రారంభంలోని హత్యలను ఎంత భయం పుట్టేలా చూపిస్తే తరువాతి నవ్వుకు అంత న్యాయం. తుపాకుల చప్పుడును బొమ్మ టపాకాయల స్థాయికి దించి, హంతకులను మొదటి నుంచే విదూషకులుగా నడిపించే ప్రదర్శనలు లేకపోలేదు. అటువంటివాటి మీద ఆక్షేపణ నిలుస్తుంది. అది ప్రక్రియ మీద తీర్పు మాత్రం కాజాలదు.

స్థానం నరసింహారావును ఎరిగిన తెలుగు పాఠకులకు ఆడవేషం గురించి కొత్తగా చెప్పవలసినది లేదు. సత్యభామగా, మధురవాణిగా ఆయన వేసింది మగవాణ్ణి మరపించే వేషం. వైల్డర్ కథలో వేసేది మగవాణ్ణి క్షణక్షణం గుర్తుచేసే వేషం. ఈ రెండవ కోవను తెలుగు విమర్శ వెకిలితనం కింద జమకట్టి ముందుకు సాగిపోయింది. తెర మీద గ్యాంగ్‌స్టర్‌కు మారుపేరైన కాగ్నీ నట జీవితం 1919లో ఒక వినోద ప్రదర్శనలో ఆడవేషం కట్టి నర్తించటంతో మొదలైంది. మగతనానికి పరాకాష్ఠగా లోకం ఆరాధించిన ఆ ముఖం వెనుక ఒకనాడు లంగా తొడిగిన నర్తకుడున్నాడని తెలిసినవారికి, ఊరి నాటకశాలలో ఆడవేషమూ గ్యాంగ్‌స్టర్ వేషమూ ఒకే పెట్టెలోంచి బయటికి రావటంలో వింత కనిపించదు.

ఆక్షేపణలో మరొక అంశం ఉంది. పాత హాలీవుడ్ గ్యాంగ్‌స్టర్ తరచు ఇటాలియన్ పేరుతోనే తిరుగుతాడు. ఇటాలియన్ అమెరికన్లు ఈ మూసకు ఎప్పటినుంచో అభ్యంతరం చెబుతున్నారు; 1959లో మొదలైన 'ది అన్‌టచబుల్స్' టెలివిజన్ ధారావాహికపై వారి నిరసన బాగా తెలిసినదే. ఊరి నాటకశాల ఈ మూసను సవరించాలనుకున్నా చేతులు కట్టేసినట్టే. ప్రదర్శన హక్కులు ఇచ్చే సంస్థలు ప్రదర్శనకింత అని రుసుము తీసుకుంటాయి. అనుమతి లేకుండా ఒక్క మాట మార్చటానికి ఒప్పుకోవు. రచయిత హక్కుకు అది అవసరమైన రక్షణే. ఆ చట్రంలో బృందానికి మిగిలే స్వేచ్ఛ పాత్రల పంపిణీ, ఉచ్చారణ, నడక, దుస్తులు. తుపాకీ పట్టిన మనిషికి వెక్కిరింపు యాసను తగిలించాలా, ఆ ఊరి మాటనే మాట్లాడించాలా అన్న నిర్ణయం వారిదే. ఆ నిర్ణయంలోనే ప్రదర్శన తాలూకు నీతి ఉంది. అచ్చు ప్రతిని మాత్రమే చదివే పరిశోధకుడికి అది ఎన్నటికీ కనిపించదు.

తెలుగు శాఖల్లో నాటక పరిశోధన ఎక్కువగా అచ్చు ప్రతి చుట్టూనే తిరుగుతోంది. వస్తువు, పాత్ర చిత్రణ, సంభాషణా శైలి, సందేశం అనే నాలుగు గదుల్లో నాటకాన్ని సర్దివేస్తే సిద్ధాంత గ్రంథం పూర్తవుతుంది. ఈ పద్ధతికి ప్రహసనం లొంగదు, ఔత్సాహిక ప్రదర్శన అసలే లొంగదు. లొంగనిదాన్ని పద్ధతి అల్పమైనదిగా ప్రకటిస్తుంది. తెలుగు నాటక చరిత్రే ఈ ప్రకటనను అంగీకరించదు. 'కన్యాశుల్కం' 1892లో వేదికనెక్కింది విజయనగరంలోని జగన్నాథ విలాసినీ సభ పూనికతో. బళ్ళారి రాఘవ వృత్తి న్యాయవాదం. తెనాలిలో 1929లో ఏర్పడిన నాటక కళా పరిషత్తు నుంచి నేటి పరిషత్తుల దాకా వేదికను నిలబెట్టినవారిలో గుమాస్తాలు, ఉపాధ్యాయులు, రైల్వే ఉద్యోగులు ఎందరో. వారి నాటకాల జాబితాలు దొరుకుతాయి. ఒక ఊళ్ళో అందరూ ఎరిగిన గుమాస్తా గిరీశం వేషంలో ప్రవేశించినప్పుడు ప్రేక్షకులు గిరీశాన్ని చూసి నవ్వారా, గుమాస్తాను చూసి నవ్వారా, ఇద్దరి మధ్య ఖాళీని చూసి నవ్వారా అన్న ప్రశ్నకు ఆ జాబితాలు సమాధానం ఇవ్వవు. ఆ ఖాళీని గురించి అడిగిన పరిశోధన అరుదు.

అడగటానికి కావలసిన సామగ్రి ఇంకా పూర్తిగా చేజారలేదు. ప్రాంప్టర్ చేతి ప్రతులు, వాటి అంచుల్లో పెన్సిలుతో రాసుకున్న కదలికలు, కొట్టివేసిన సంభాషణలు, అద్దె దుస్తుల రశీదులు, ఆహార్యం చేసినవారి జ్ఞాపకాలు, వేషం దొరకనివారి అలకలు. అమెరికన్ ఊరి నాటకశాలలో జోనథన్ నుదుటి మీద కుట్ల గుర్తులు గీయాలా వద్దా అని మేకప్ గదిలో జరిగే చర్చను వినగల పరిశోధకుడికి, ఆ బడిపంతులు తొలిసారి చీకట్లోంచి వెలుగులోకి నడిచి వచ్చినప్పుడు సభలో నవ్వు ఏ వరుసలో మొదలైందో కూడా వినిపిస్తుంది.